కుబర్నెటిస్ కోర్సుకు అంత తొందరేముంది?

ప్రశ్న: మా అమ్మాయి ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. వెబ్ సర్వీసులు తయారు చేసే బ్యాకెండ్ డెవలపర్ అవుతానంటోంది. జావా, పైథాన్, నోడ్ జేఎస్‌లలో ఏది మంచిది? క్లాస్‌మేట్లంతా మైక్రోసర్వీసెస్, కుబర్నెటిస్ కోర్సుల్లో చేరిపోయారు. ఉచితంగా దొరికేవి సరిపోతాయా, డబ్బు కట్టి చేర్పించాలా? ఏఐ వచ్చాక ఈ ఉద్యోగాలు ఉంటాయా అని టెన్షన్‌గా ఉంది. – ఒక తండ్రి

జవాబు: మీరు అడిగింది భాషలు, కోర్సుల గురించే అయినా, అసలు భయం వేరే ఉంది: అందరూ ముందుకెళ్లిపోతున్నారు, మా పిల్ల వెనకబడిపోతుందేమో అని. ఈ ప్రశ్న నాకు ఏటా వస్తుంది. కోర్సు పేరు మాత్రం మారుతుంటుంది.

మీ అమ్మాయికి సమయం మించిపోలేదు. ఈ రంగంలో పైన మెరిసేవి త్వరగా మారతాయి కానీ, అడుగున ఉన్నవి అంత తేలిగ్గా పాతబడవు. వెబ్ సర్వీసులను అమర్చుకునే రెస్ట్ అనే పద్ధతి గురించి రాయ్ ఫీల్డింగ్ తన పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథంలో రాసింది 2000లో. ఇప్పటికీ ఏపీఐ (ఒక ప్రోగ్రామ్ ఇంకో ప్రోగ్రామ్‌తో మాట్లాడే దారి) అనగానే డెవలపర్ల నోట వచ్చే మాట అదే. కోడ్‌లో చేసిన మార్పులన్నీ గుర్తుపెట్టుకునే గిట్ 2005 నాటిది. సర్వర్‌కు రిక్వెస్ట్ పంపి జవాబు చూపించే కర్ల్ అనే చిన్న టూల్ 1998 నుంచీ ఉంది. ఇవి నేర్చుకుంటే ఏళ్ల తరబడి పనికొస్తాయి.

భాష సంగతి త్వరగా తేల్చేద్దాం. వెబ్ సర్వీసు రాయడానికి ప్రతి భాషకూ ఫ్రేమ్‌వర్క్ అనే సిద్ధమైన చట్రాలుంటాయి: కాలేజీలో జావా బాగా వచ్చి ఉంటే స్ప్రింగ్ బూట్, పైథాన్ అలవాటుంటే ఫాస్ట్ఏపీఐ, జావాస్క్రిప్ట్ ఇష్టమైతే నోడ్‌తో ఎక్స్‌ప్రెస్. ఒకటి గట్టిగా వస్తే రెండోది పట్టుకోవడం కష్టం కాదు. దీనికి ఇంతకుమించి తల బద్దలుకొట్టుకోనక్కర్లేదు.

నాకు అనుమానమున్నది క్లాస్‌మేట్లు చేరిన ఆ కోర్సుల మీదే. కుబర్నెటిస్‌ను గూగుల్ 2014లో బయటపెట్టింది. చాలా మెషీన్ల మీద బోలెడన్ని కంటైనర్లు (ప్రోగ్రామ్‌ను దానికి కావలసినవాటితో కలిపి కట్టిన మూటలు) నడిపేవాళ్ల కోసం వచ్చిన సాధనం అది. మైక్రోసర్వీసెస్ కూడా అంతే, ఒక పెద్ద అప్లికేషన్ మీద చాలా టీములు ఒకదానికొకటి అడ్డం రాకుండా పనిచేయడానికి పుట్టిన పద్ధతి. ఒక్క ల్యాప్‌టాప్, ఒక్క విద్యార్థి ఉన్నచోట ఈ రెండు ఇబ్బందులూ ఉండవు. రెజ్యూమెలో ఇవన్నీ రాసుకొచ్చిన పిల్లలను సర్వర్ రిక్వెస్ట్‌ను తిప్పికొడుతూ పంపే స్టేటస్ కోడ్‌లు 401కీ 403కీ తేడా అడిగితే నీళ్లు నములుతారు. నువ్వెవరో రుజువు కాలేదంటే 401, ఎవరో తెలుసు గానీ నీకు అనుమతి లేదంటే 403. లాగిన్ ఉన్న ప్రతి సర్వీసులోనూ తగిలే విషయమిది. ఇది రాకుండా అది నేర్చుకోవడం నేల విడిచి సాము చేయడమే. పైగా ఆ కోర్సుల్లో ప్రాజెక్టు ఎక్కడా చెడిపోదు. చెప్పేవాళ్లు ముందే అన్నీ సరిచేసి పెట్టి ఉంచుతారు, పిల్లలు చూసి టైపు చేస్తారు. అక్కడ నేర్చుకోవడానికి ఏం మిగులుతుంది?

బదులుగా ఆర్డర్లు తీసుకునే ఒక చిన్న సర్వీసు రాయమనండి. నెట్ నెమ్మదిగా ఉంది, కస్టమర్ బటన్ రెండుసార్లు నొక్కాడు, డేటాబేస్‌లో రెండు ఆర్డర్లు పడ్డాయి. ఎలా ఆపాలి? రిక్వెస్ట్‌తో పాటు ఒక ప్రత్యేకమైన కీ పంపించి, టేబుల్‌లో ఆ కీకి యూనిక్ నిబంధన (ఒకే విలువ రెండోసారి పడనివ్వనిది) పెట్టి, అదే కీ మళ్లీ వస్తే కొత్త ఆర్డర్ వేయకుండా పాత జవాబే తిరిగి ఇవ్వాలి. దీన్నే ఐడెంపొటెన్సీ అంటారు. ఈ ఒక్కటీ సొంతంగా తేల్చుకున్న పిల్లకు ఇంటర్వ్యూలో మాట్లాడటానికి సరుకు ఉంటుంది. ఏఐ భయానికి కూడా నా జవాబు ఇందులోనే ఉంది. ఆర్డర్ కోడ్ రాయమంటే ఏఐ క్షణాల్లో రాస్తుంది. ఆ జాగ్రత్త అందులో లేకపోతే, లేదని పట్టుకోవాల్సింది మనిషే.

దీనికి కావలసినవన్నీ ఉచితమే. బ్రౌజర్, సర్వర్ మాట్లాడుకునే నియమాలైన హెచ్‌టీటీపీకి ఎండీఎన్ వెబ్ డాక్స్, డేటాబేస్‌కు పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ సొంత మాన్యువల్, భద్రతకు వెబ్ అప్లికేషన్ల ముఖ్యమైన ముప్పుల జాబితా ఓవాస్ప్ టాప్ టెన్. వీడియో పాఠాలే కావాలంటే హార్వర్డ్ సీఎస్50 ఉంది. పరీక్షించి చూసుకోవడానికి పోస్ట్‌మన్ సులువు కానీ, ముందు కర్ల్‌కు మైనస్ ఐ (చిన్న అక్షరంతో -i) తగిలించి కొట్టమనండి. స్టేటస్ కోడ్, హెడర్లు ఏ ముసుగూ లేకుండా కనిపిస్తాయి. డబ్బు ఖర్చు పెట్టాలనే ఉంటే, ఆమె రాసిన కోడ్ చదివి తప్పులు చూపించే మనిషికి పెట్టండి, వీడియోలకు వద్దు.

ఇప్పుడు మిమ్మల్ని ఒక మాట అనాలి, ఏమీ అనుకోకండి. మీ ప్రశ్నలో క్లాస్‌మేట్లు చేరిన కోర్సుల పేర్లున్నాయి, మీ అమ్మాయి ఇప్పటిదాకా ఏం తయారు చేసిందో ఒక్క ముక్క లేదు. ఆమెను ఎప్పుడైనా అడిగారా? మీ టెన్షన్ తగ్గడానికి మీరు కొనే కోర్సు ఆమె సెలవులన్నీ మింగేస్తుంది. చేసింది చూపించమ్మా అని పక్కన కూర్చోండి, అర్థం కాకపోయినా ఫర్వాలేదు. పక్కపిల్లల ప్రస్తావన మాత్రం తేకండి.

ఆ ఆర్డర్ల సర్వీసు పూర్తయి, ఎలా నడపాలో రాసిన రీడ్‌మీతో సహా కోడ్ దాచి పంచుకునే గిట్‌హబ్ సైట్‌లోకి ఎక్కాక, డాకర్ అనే టూల్‌తో కంటైనర్‌గా ప్యాక్ చేయమనండి. కుబర్నెటిస్ సంగతి అప్పుడు మళ్లీ అడగొచ్చు. ఆ ఉత్తరం మీ అమ్మాయే రాస్తే ఇంకా మంచిది.