టెక్ సందేహాలు: రోబో చేతికి సెల్స్ మార్చేది కరెంటు ఉన్నప్పుడే

ప్రశ్న (కావలి): మా రొయ్యల మేత ఫ్యాక్టరీలో బస్తాలు పేర్చే ఫానుక్ కంపెనీ రోబో ఉంది. నాలుగు రోజులుగా పెండెంట్ (చేతిలో పట్టుకుని రోబోను నడిపే పలక) మీద ‘ఎస్ఆర్‌వీవో-065 బీఎల్ఏఎల్’ అని వస్తోంది. పని మాత్రం ఆగలేదు. ఆదివారం మెయిన్ ఆపి బ్యాటరీలు మార్చేద్దామనుకుంటున్నాం. ఇంకేమైనా చూసుకోవాలా సార్?

జవాబు: అది సెల్స్ నీరసించాయన్న హెచ్చరిక. మెయిన్ మాత్రం ఆపకండి. సెల్స్ మార్చేదాకా రాత్రి కూడా ఆన్‌లోనే ఉంచండి. ఒక్కో మోటారు వెనక ఉండే ఎన్‌కోడర్ ఆ మోటారు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్క పెట్టుకుంటుంది. కంట్రోలర్ (రోబోను నడిపించే క్యాబినెట్) ఆన్‌లో ఉన్నంతసేపూ ఎన్‌కోడర్‌కు కరెంటు అక్కడి నుంచే వస్తుంది. ఆపితే ఆ లెక్కను కాపాడేవి సెల్స్ ఒక్కటే. అందుకే అవి నీరసించినా రోబో మామూలుగానే తిరుగుతుంది. మీరు మెయిన్ ఆపి పాత సెల్స్ తీస్తే ఆ క్షణమే లెక్క పోతుంది.

పెద్ద రోబోల్లో సాధారణంగా ఉండేవి టార్చిలైట్లలో వేసే లావు సెల్స్: డీ సైజు, 1.5 వోల్టులవి, నాలుగు. చిన్న మోడళ్లలో సైజు వేరు, మాన్యువల్ చూసి కొనండి. నాలుగూ ఆల్కలైన్‌వే, ఒకే కంపెనీవి, ఒకేసారి కొన్నవి కావాలి. రీఛార్జబుల్ పెట్టకండి. అవి ఒక్కోటి 1.2 వోల్టులే కాబట్టి నాలుగూ కలిపినా 6కు బదులు 4.8 దగ్గర ఆగుతాయి. పెట్టేముందు ప్రతి సెల్‌నూ మీటరుతో చూడండి. కొత్తదై ఉండి 1.5 కంటే తక్కువ చూపిస్తే అది షాపులోనే పాతబడిన సరుకు.

ముందుగా యూఎస్‌బీలోకి ‘ఆల్ ఆఫ్ ఎబౌవ్’ బ్యాకప్ తీసుకోండి. ఎమర్జెన్సీ స్టాప్ నొక్కి, కంట్రోలర్ ఆన్‌లోనే ఉంచి, పీఠం దగ్గరున్న బ్యాటరీ బాక్సు మూత స్క్రూలు విప్పండి. చాలా మోడళ్లలో బాక్సు మధ్యలో ఒక కడ్డీ ఉంటుంది. దాన్ని పైకి లాగితే సెల్స్ చేతికొస్తాయి. స్ప్రింగుల మీద చిలుముగానీ, కారిన సెల్ వదిలిన తెల్లటి పొరగానీ ఉంటే పొడిబట్టతో తుడిచాకే కొత్తవి పెట్టండి. సముద్రపు గాలి తగిలే షెడ్డుల్లో దీన్ని అసలు వదిలేయకూడదు. ప్లస్, మైనస్ గుర్తులు సరిచూసి మూత బిగించి, రీసెట్ కొట్టండి.

ఇక్కడ అందరూ మరిచిపోయేది కరెంటు కోత. బాక్సు తెరిచి ఉన్న ఆ అయిదు నిమిషాల్లో సప్లై పోతే మెయిన్ ఆపినట్టే. లైన్ మరమ్మతులున్న రోజు వద్దు. జనరేటర్ వేసుకుని చేస్తే ఇంకా నిశ్చింత. మోడల్‌ను బట్టి ఏడాదికో ఏడాదిన్నరకో మార్చమంటారు. రేకుల షెడ్డు వేడికి సెల్స్ త్వరగా దిగుతాయి, కారతాయి కూడా. మన ఎండలకు ఏటా వేసవికి ముందే మార్చేయడం మేలు.

ప్రశ్న (చీమకుర్తి): గ్రానైట్ పలకలు ఎత్తే మా రోబోకు పవర్ ఆపి సెల్స్ మార్చారు. ఇప్పుడు ‘062 బీజడ్ఏఎల్’ వచ్చి కదలడం లేదు. పాయింట్లన్నీ మళ్లీ నేర్పించాలా?

జవాబు: కంగారు పడకండి, ప్రోగ్రాములు ఎక్కడికీ పోలేదు. పోయింది చుట్ల లెక్క ఒక్కటే.

మెనూలో సిస్టమ్, ‘మాస్టర్/క్యాల్’ తెరవండి. అది కనబడకపోతే సిస్టమ్ వేరియబుల్స్‌లో ‘డాలర్ మాస్టర్_ఈఎన్‌బీ’ విలువ 1 చేయండి. అక్కడ ‘రెస్_పీసీఏ’ నొక్కి, ఎస్ అని, కంట్రోలర్ ఆపి, మళ్లీ ఆన్ చేయండి. ఈసారి 075 అలారం వస్తుంది. కీళ్లను ఒక్కొక్కటిగా కదిపే జాయింట్ మోడ్‌లో, అలారం చూపే యాక్సిస్‌ను (కీలును) 20 డిగ్రీలకు పైగా జరిపి రీసెట్ కొడితే అదీ పోతుంది.

ఇక మాస్టరింగ్, అంటే పోయిన లెక్కను రోబోకు మళ్లీ కుదర్చడం. లోగడ లెక్క సరిగ్గా ఉన్నప్పుడు ఎవరైనా ఒక భంగిమను ‘క్విక్ మాస్టర్ రిఫరెన్స్’గా సేవ్ చేసి ఉంటే మీ పంట పండినట్టే. సెల్స్ పోయినా ఒక చుట్టు లోపల మోటారు ఏ కోణంలో ఉందో ఎన్‌కోడర్‌కు తెలుస్తుంది. పోయేది ఎన్నో చుట్టు అన్నదే. కాబట్టి రోబోను ఆ రిఫరెన్స్ భంగిమకు కంటి అంచనాతో దగ్గరగా తెచ్చి క్విక్ మాస్టరింగ్ చేస్తే పాత పొజిషన్ కచ్చితంగా తిరిగొస్తుంది. రిఫరెన్స్ లేకుంటే ప్రతి యాక్సిస్ మీదున్న గీతలను ఎదురెదురుగా కలిపి ‘జీరో పొజిషన్ మాస్టర్’ చేయాలి. ఇందులో కన్ను ఎంత కచ్చితమో ఫలితమూ అంతే. కొన్ని పాయింట్లు మిల్లీమీటర్లలో తప్పి, సరిదిద్దుకోవాల్సి రావచ్చు. రాతిపొడి గీతల్లో నిండిపోయి ఉంటుంది, ముందు బ్రష్షుతో దులపండి. ఏ పద్ధతిలో చేసినా తర్వాత ‘క్యాలిబ్రేట్’, ఆపైన ‘డన్’. మొదటి పరుగు టీ1 మోడ్‌లో (నెమ్మదిగా నడిపే పరీక్ష మోడ్), 10 శాతం వేగంతో, పలకలేవీ ఎత్తకుండా.

రోబో కుదురుకున్నాక ఆరోజే రిఫరెన్స్ సేవ్ చేయండి. సిస్టమ్ వేరియబుల్స్‌లో ఉండే ‘డీఎంఆర్_జీఆర్‌పీ’లోని మాస్టర్ కౌంట్ అంకెలను కాగితం మీద రాసి క్యాబినెట్ తలుపు లోపల అతికించండి.

ప్రశ్న (ఒంగోలు): కంట్రోలర్ లోపల ఇంకో బ్యాటరీ ఉందంటున్నారు. అదీ పవర్ ఉన్నప్పుడే మార్చాలా?

జవాబు: కాదు, దానికి పద్ధతి తిరగబడుతుంది. మెయిన్ బోర్డు మీదుండే 3 వోల్టుల లిథియం బ్యాటరీ అది. ప్రోగ్రాములనూ మాస్టరింగ్ అంకెలనూ కాపాడుతుంది. ఆర్-30ఐబీ కంట్రోలర్‌లో నాలుగేళ్లకోసారి మార్చాలి. నీరసిస్తే ‘సిస్ట్-035’ అని చెబుతుంది. కంట్రోలర్‌ను 30 సెకన్లు ఆన్‌లో ఉంచి, ఆపి, 30 నిమిషాల్లోగా కొత్తది పెట్టేయాలి. అప్పటిదాకా మెమరీని బోర్డు మీది కెపాసిటర్ నిలబెడుతుంది. గడువు దాటి మెమరీ పోయినా, యూఎస్‌బీలోని బ్యాకప్, తలుపు లోపలి కాగితం ఉంటే తిరిగి ఎక్కించుకోవచ్చు.