ఇప్పుడే కొత్త కంప్యూటర్ కొనవద్దు

తమ్ముడూ, పర్లాకిమిడిలో నీ జిరాక్సు దుకాణం కంప్యూటర్ తెరుచుకోవడానికి పది నిమిషాలు పడుతోందని, కరెంటు పోయినప్పుడల్లా తేదీ వెనక్కి వెళ్తోందని, కొత్తది కొనమంటున్నారని రాశావు. తొందరపడకు. తేదీ తప్పడం దాదాపుగా మదర్‌బోర్డు (లోపలి ప్రధాన బోర్డు) మీది సీఆర్2032 అనే బిళ్ల బ్యాటరీ అయిపోవడం వల్లే. నెమ్మదికి చాలావరకు పాత హార్డ్ డిస్కే కారణం; దాని స్థానంలో సాటా ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ కంటే చాలా వేగంగా పనిచేసే నిల్వ పరికరం) వేయించు. అంతకంటే ముందు ఫైళ్లన్నీ వేరేచోట దాచుకో, ఈ రాత్రికే!

ప్లగ్గు పీకి, మూత తీసి, ప్రాసెసర్ పక్కన చిన్న గుండ్రటి డబ్బాల్లా ఉండే కెపాసిటర్లు చూడు. తలలు ఉబ్బినా, గోధుమరంగు జిగురు కారినా ఆ బోర్డు మీద ఒక్క రూపాయి పెట్టకు.

నీది నాలుగో తరం ఐ3 ప్రాసెసర్ కాబట్టి దానికి విండోస్ 11 అధికారికంగా కుదరదు. విండోస్ 10 సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. అందుకే విండోస్‌కు బదులు వాడుకోగల ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మింట్‌ను పెన్‌డ్రైవ్ నుంచి నడిపి, నీ ప్రింటరు పనిచేస్తే అదే వేసుకో.