కొండ దిగడానికీ కాస్త ఓపిక దాచుకో

చిరంజీవికి ఆశీస్సులు.

స్నేహితులతో కలిసి కొండెక్కబోతున్నావని తెలిసి సంతోషించాను. ముందు బూట్ల సంగతి చూడు. సాయంత్రం పూట కొనుక్కో, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. లేసు వదులు చేసి, వేళ్లు ముందుకు ఆనించి నిలబడితే మడమ వెనక ఒక వేలు దూరాలి. ఆ చోటు లేకపోతే దిగేటప్పుడు బొటనవేలు బూటు ముక్కుకు గుద్దుకుంటూ గోరు నల్లబడుతుంది. రెండు మూడు వారాలు వేసుకు తిరిగాకే కొండకు తీసుకెళ్లు. నూలు మేజోళ్లు మాత్రం వద్దు. చెమట పీల్చి తడిగానే ఉండిపోతాయి, తడిసిన చర్మం రాపిడికి ఇట్టే బొబ్బలెక్కుతుంది. మడమ చురుక్కుమనగానే ఆగి టేపు అంటించు. ‘పైకెళ్లాక చూద్దాంలే’ అనుకుంటే, పైకి చేరేసరికి చూడ్డానికి బొబ్బే ఉంటుంది.

సంచీలో బరువైనవి వీపుకు ఆనేలా సర్దు. నడుం పట్టీ తుంటి ఎముకల మీద బిగిస్తే భుజాలు తేలికపడతాయి. నీళ్లు గంటకు అర లీటరు చొప్పున లెక్కేసుకో, ఎండ ఉంటే ఇంకా ఎక్కువ. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు 6.5 డిగ్రీల చలి పెరుగుతుంది కాబట్టి జాకెట్ సంచీ అడుగున పెట్టకు. ఆగిన వెంటనే వేసుకోవాలి, వణుకు మొదలయ్యాక కాదు.

నడకకు ఎంత సమయం పడుతుందో తేల్చుకోవడానికి స్కాట్లాండ్ పర్వతారోహకుడు నేస్మిత్ 1892లో చెప్పిన లెక్క ఇప్పటికీ పనికొస్తుంది: 5 కిలోమీటర్లకు గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట. రానూపోనూ 10 కిలోమీటర్లు, 900 మీటర్ల ఎత్తు అయితే మూడున్నర గంటలు. గుంపుగా వెళ్తున్నారు, ఫొటోలూ ఉంటాయి. ఆ మొత్తానికి ఇంకో సగం కలుపు. వెనుదిరిగే సమయం ఇంట్లోనే ఖాయం చేసుకోండి. శిఖరం కళ్లముందే కనబడుతున్నా ఆ సమయానికి తిరగాల్సిందే.

మెల్లగా నడిచేవాణ్ణి ముందు పెట్టండి. వెనక పెడితే ముందువాళ్లు ఆగి సేదతీరుతుంటారు, వాడు రొప్పుతూ చేరగానే లేచి కదులుతారు. విశ్రాంతి ఎవరికి కావాలో వాడికే దక్కదు. ఎక్కుతూ కబుర్లు చెప్పుకోలేకపోతున్నారంటే వేగం ఎక్కువైనట్టే.

దిగడం తేలికనుకోకు. అలసిన కాళ్లు జారేది అప్పుడే, మోకాళ్లకు దెబ్బా అప్పుడే. అడుగులు చిన్నవిగా వెయ్యి, మోకాలు కొంచెం వంచే ఉంచు, చేతికర్రలు ఎక్కేటప్పటికన్నా ఓ 5 సెంటీమీటర్లు పొడుగు చెయ్యి. ఉరుము వినబడితే మాత్రం శిఖరం మీదా గట్టు మీదా ఒక్క క్షణం ఉండొద్దు.

పైన పాటల డబ్బా మోగించకండి. ఓ పది నిమిషాలు ఊరికే కూర్చోండి, గాలి చప్పుడే బాగుంటుంది.

తలకు కట్టుకునే లైటు పగలే కదా అని వదిలెయ్యకు. వెళ్లే దారి, తిరిగొచ్చే వేళ కాగితం మీద రాసి ఇంట్లో ఇచ్చి బయల్దేరు.

ఇట్లు,
బాబాయి