నమూనా రైలింజన్లు: పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం కాజీపేట చుట్టుపక్కల నుంచి వచ్చినవే. డీజిల్, ఎలక్ట్రిక్ లోకో షెడ్లు రెండూ ఉన్న జంక్షన్ పక్కన పెరిగినవారికి ఇంజన్ల మీద మమకారం కలగడం సహజమే. కొన్న నమూనాను పట్టాల మీద తిప్పుకోవడంతో సరిపెట్టుకోకుండా, దాన్ని విప్పి, కోసి, మన ఇంజన్‌గా మార్చాలని పట్టుబట్టినవారి ప్రశ్నలనే ఈసారి ఎంచుకున్నాను.

ప్రశ్న: కాజీపేటలో చిన్నప్పటి నుంచి చూసిన డబ్ల్యూడీఎం-2 ఇంజన్‌ను హెచ్‌ఓ స్కేలులో చేయాలని ఉంది. అమెరికన్ ఆల్కో ఇంజన్ నమూనా ఒకటి దొరికింది. దాని పైబాడీ తీసేసి మన ఇంజన్ బాడీని అమర్చవచ్చా? మన బ్రాడ్‌గేజ్ వెడల్పు ఎక్కువ కదా, పట్టాల తేడాను ఎలా సరిచేయాలి?
– ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: అమర్చవచ్చు. డబ్ల్యూడీఎం-2 డిజైన్ ఆల్కో కంపెనీదే. మొదటి ఇంజన్లు 1962లో అమెరికా నుంచి వచ్చాయి, 1964 నుంచి వారణాసిలోని డీజిల్ లోకోమోటివ్ వర్క్స్‌లో ఇక్కడే తయారయ్యాయి. ఆ చుట్టరికం మీకు అన్నిటికన్నా ఎక్కువగా అక్కరకొచ్చేది బోగీల (ఇంజన్ కింద చక్రాలను పట్టి ఉంచే చట్రాల) దగ్గర. డబ్ల్యూడీఎం-2 కింద ఉన్న ఒక్కో బోగీకి మూడేసి ఇరుసులు ఉంటాయి గానీ, నడిమి ఇరుసు సరిగ్గా మధ్యలో ఉండదు. ఒకవైపు ఎడం ఎక్కువ, మరోవైపు తక్కువ. ఈ పోలిక తప్పితే పైన ఎంత చక్కటి బాడీ కూర్చోబెట్టినా, ఆ ఇంజన్‌ను రోజూ చూసినవారి కంటికి ఏదో వెలితి తోస్తూనే ఉంటుంది. కాబట్టి మీకు దొరికిన నమూనా ఆల్కోవారి ఆర్‌ఎస్‌డీ వరుసకు చెందిన ఆరు ఇరుసుల ఇంజన్ అయితే నిశ్చింతగా మొదలుపెట్టండి. ఆర్‌ఎస్-3 లాంటి నాలుగు ఇరుసుల ఇంజన్ అయితే దాన్ని కోయకుండా అలాగే ఉంచుకుని, సరైనది దొరికేదాకా ఆగమని నా సలహా.

ఇక పట్టాల సంగతి. హెచ్‌ఓ అంటే 87 వంతుల్లో ఒక వంతు. 1435 మిల్లీమీటర్ల స్టాండర్డ్ గేజ్‌కు తగ్గట్టు దాని పట్టాల ఎడం 16.5 మి.మీ. మన బ్రాడ్‌గేజ్ 1676 మి.మీ.; దాన్ని 87తో భాగిస్తే 19.26 మి.మీ. వస్తుంది. అంటే మీ ఇంజన్ చక్రాలు ఒక్కో పక్క 1.4 మి.మీ. దాకా లోపలికి ఉంటాయి. దీనికి మూడు దారులు ఉన్నాయి. 19.26 మి.మీ. పట్టాలను, పాయింట్లతో (పట్టాలు రెండుగా చీలే చోట్లతో) సహా, సొంతంగా వేసుకోవడం ఒకటి. స్కేలునే 101.6కు ఒకటిగా మార్చితే 16.5 మి.మీ. పట్టాలే కచ్చితమైన బ్రాడ్‌గేజ్ అవుతాయి, అది రెండోది. అయితే అప్పుడు చక్రాలు మొదలుకొని పెట్టెల వరకు బజారులో దొరికే హెచ్‌ఓ సామాను ఏదీ కొలతకు రాదు. మూడోది, తేడాను ఒప్పుకుని 16.5 మి.మీ. మీదనే నడుపుకోవడం. మొదటి ఇంజన్ చేస్తున్న మీకు నేను సూచించేది మూడోదే. పక్క నుంచి చూస్తే ఆ తేడా తెలియదు. ఎదుటి నుంచి చూసినప్పుడు మన ఇంజన్ల ముందుండే క్యాటిల్ గార్డ్ (పశువులను పక్కకు తోసే పలక) చక్రాలను చాలావరకు కప్పేస్తుంది. దాన్ని పూర్తి వెడల్పుతో, పట్టాలకు బాగా దగ్గరగా దించి చేయండి.

డబ్ల్యూడీఎం-2 పొడవు బఫర్ (రెండు కొసల్లోనూ కుదుపును ఆపే దిమ్మ) నుంచి బఫర్‌కు 17.12 మీటర్లు, మీ బల్ల మీద అది సుమారు 197 మి.మీ. అవుతుంది. చక్రం వ్యాసం 1092 మి.మీ., అంటే పన్నెండున్నర మి.మీ. దాత ఇంజన్ (మీరు విప్పుతున్న నమూనా) చాసిస్ పొడవు మార్చాల్సి వస్తే, రంపం పట్టే ముందు మోటారు నుంచి బోగీలకు వెళ్లే షాఫ్టులు ఎంత పొడవు ఉన్నాయో, ఎంత కావాలో కొలిచి రాసి పెట్టుకోండి. చాసిస్‌ను కోశాక మోటారు, షాఫ్టు, బోగీ మీద ఉన్న వర్మ్ గేరు (మరలాంటి గేరు) ఒకే వరుసలో లేకపోతే ఇంజన్ గరగరమంటుంది, నెమ్మదిగా నడవమంటే అసలే నడవదు. బాడీ మొదలుపెట్టకముందే ఆ ఉత్త చాసిస్‌ను రెండు వైపులా చాలాసేపు నడిపి, పాయింట్ల మీద పట్టాలు తప్పకుండా ఉందని రూఢి చేసుకోవాలి. ఈ ఒక్క మాట మీద మాత్రం నేను మొండిగానే ఉంటాను, ఎందుకంటే రంగులు పూర్తయిన ఇంజన్‌ను గేరు కోసం మళ్లీ విప్పినప్పుడు పాడయ్యే హ్యాండ్‌రెయిళ్లను తిరిగి అతికించడం మొదటిసారి చేసినదానికన్నా కష్టం.

బాడీకి ఒక మి.మీ. స్టైరీన్ (ప్లాస్టిక్) షీటుతో లోపలి చట్రం, అర మి.మీ. షీటుతో పైపలకలు సరిపోతాయి. పొడవాటి హుడ్ (డ్రైవరు గదికి ముందూ వెనుకా ఉండే డబ్బా భాగాల్లో పెద్దది) పక్క తలుపులు ఒక్కొక్కటీ వేరుగా అతికించినవైతేనే వాటి అంచుల నీడ పడుతుంది. గీతలు గీసి సరిపెడితే రంగు వేశాక అవి కనపడకుండా పోతాయి. హ్యాండ్‌రెయిళ్లకు 0.4 మి.మీ. ఇత్తడి తీగ వాడండి. పొట్టి హుడ్ విషయంలో ముందే తేల్చుకోవాలి: మామూలు రకమా, లేక హుడ్ ఎత్తు తగ్గించి పెద్ద అద్దాలు పెట్టిన ‘జంబో’ రకమా? రెండింటి ముఖాలు వేరు. ఒకే నంబరు ఇంజన్‌ను ఎంచుకుని, దాని ఫొటోలను అన్ని వైపుల నుంచి సేకరించాకే కత్తి పట్టండి. షెడ్డు లోపల ఫొటోలు కావాలంటే ముందుగా అధికారుల అనుమతి తీసుకోవాలి.

బఫర్ల గురించి ఒక హెచ్చరిక. అమెరికన్ నమూనాలకు పక్క బఫర్లు ఉండవు, మనవాటికి తప్పనిసరి. వాటిని అమర్చిన తర్వాత ఇరుకు వంపుల్లో ఇంజన్ బఫరూ పెట్టె బఫరూ ఒకదాని వెనుక ఒకటి చిక్కుకుని పెట్టెను పట్టాల మీద నుంచి దించేస్తాయి. కప్లర్‌ను (ఇంజన్‌ను పెట్టెతో కలిపే కొక్కేన్ని) కాస్త పొడవైనదిగా మార్చి, వంపు వ్యాసార్ధం 60 సెం.మీ.కు తగ్గకుండా చూసుకోండి.

ప్రశ్న: మాది పెంబర్తి దగ్గరి ఊరు. మా ఇంట్లో ఇత్తడి రేకు పని తరాలుగా ఉంది. డబ్ల్యూజీ ఆవిరి ఇంజన్ టెండర్‌ను (బొగ్గు, నీళ్లు మోసే వెనుక బండిని) రేకుతో చేస్తున్నాను. నగిషీ వస్తుంది గానీ టంకం నిలవడం లేదు. ఒక అతుకు వేస్తుంటే పక్క అతుకు ఊడిపోతోంది.
– ఒక పాఠకురాలు, జనగామ జిల్లా

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదివి చాలా సంతోషించాను. టెండర్ పక్కపలకల మీది రివెట్లను వెనుక నుంచి కొట్టి ముందుకు తేల్చే పని అందరికీ గండమే, మీకు అది చేతిలో ఉన్న విద్య. 0.3 మి.మీ. రేకు వెనుక గ్రాఫ్ కాగితం అంటించి, గడుల ప్రకారం మొండి మొన ఉలితో ఒకే బరువు దెబ్బ వేస్తే చాలు. దెబ్బలకు రేకు వంగితే, అతుకులకు ముందే చదును చేసుకోవాలి.

టంకం నిలవకపోవడానికి కారణం వేడి. ఇత్తడి వేడిని త్వరగా లాగేసి రేకంతా పంచుతుంది. రేడియోలు బాగుచేసే 25 వాట్ల ఐరన్‌తో అతుకు దగ్గర వేడి నిలవదు కనుక మీరు ఎక్కువసేపు పట్టి ఉంచుతారు, ఆలోగా ఆ వేడి పక్క అతుకుకు పాకి దాన్ని కరిగిస్తుంది. 60 వాట్లకు తగ్గని, వెడల్పు మొన ఉన్న ఐరన్ తీసుకుని, తాకించి తీసేయాలి. రెండు అంచులకూ ముందుగానే పల్చగా టంకం పూసి, చెక్క దిమ్మ మీద బిగించి, అప్పుడు కలపండి. పక్క అతుకు మీద తడి దూది ఉంచితే అది కదలదు. పని అయ్యాక ఫ్లక్స్‌ను (టంకం పట్టడానికి పూసే పదార్థాన్ని) వేడినీళ్లతో బ్రష్షు పెట్టి కడగకపోతే కొన్నాళ్లకు పచ్చటి చిలుము లేచి రంగును పొక్కిస్తుంది.

ఇంకో విషయం మీరు అడగలేదు గానీ చెప్పాలి. ఇత్తడి బాడీలో కరెంటు పారుతుంది. టెండర్ చక్రాల నుంచి కరెంటు తీసుకుంటున్నట్లయితే, వంపులో చక్రం అంచు బాడీకి తగిలిన క్షణంలో షార్ట్ అవుతుంది. చక్రాలకు ఎదురుగా బాడీ లోపలివైపు పల్చటి ప్లాస్టిక్ అతికించండి.

ప్రశ్న: పాత డీసీ (పట్టాల కరెంటు నేరుగా మోటారుకు వెళ్లే) ఇంజన్‌లో డీసీసీ డీకోడర్ (డిజిటల్ ఆదేశాలతో మోటారును నడిపే చిన్న సర్క్యూట్) పెట్టాను. పట్టాల మీద పెట్టగానే పొగ వచ్చి డీకోడర్ కాలిపోయింది. లోపం డీకోడర్‌దా?
– ఒక విద్యార్థి, కరీంనగర్

జవాబు: చాలామటుకు డీకోడర్‌ది కాదు. పాత ఇంజన్లలో మోటారు బ్రష్షుల్లో (మోటారుకు కరెంటు అందించే ముక్కల్లో) ఒకటి నేరుగా లోహపు చాసిస్‌కు తగిలి ఉంటుంది. ఆ చాసిస్ ఒక పట్టాకు కలిసి ఉంటుంది. డీసీలో అది పనికొచ్చే ఏర్పాటే. డీసీసీలో పట్టాల కరెంటు డీకోడర్‌లోకి వెళ్లి, అక్కడి నుంచి మాత్రమే మోటారుకు రావాలి. పట్టాల కరెంటు మోటారు తీగల్లోకి నేరుగా వచ్చిందంటే డీకోడర్ ఆ క్షణమే పోతుంది. కొత్తది పెట్టే ముందు మల్టీమీటర్‌తో మోటారు రెండు కొసలనూ చాసిస్‌తోనూ, అన్ని చక్రాలతోనూ పరీక్షించండి. ఎక్కడా కనెక్షన్ చూపకూడదు. ఎర్ర తీగ కుడి పట్టాకు, నల్లది ఎడమ పట్టాకు, నారింజ, బూడిద రంగు తీగలు మోటారుకు. దీపాలకు తెల్లది ముందు, పసుపుపచ్చది వెనుక, నీలిది రెండింటికీ ఉమ్మడి. ఎల్‌ఈడీకి వెయ్యి ఓమ్‌ల రెసిస్టర్ తప్పక వేయాలి.

మరో పరీక్ష కూడా చేయండి. మోటారుకు 12 వోల్టులు ఇచ్చి, చక్రాలను ఒక్క క్షణం వేలితో ఆపి, అది లాగే కరెంటు చూడండి. ఆ అంకె డీకోడర్ భరించగలిగే అంకెకన్నా ఎక్కువైతే మోటారునే మార్చాలి. అంతా సరిగ్గా ఉన్నా, మొదటిసారి ఇంజన్‌ను ప్రోగ్రామింగ్ పట్టా (డీకోడర్ సెట్టింగులు మార్చడానికి వేరుగా ఉంచే పట్టా) మీదనే పెట్టండి. అక్కడ కరెంటు పరిమితంగా వస్తుంది కనుక తీగ తప్పు కలిసినా డీకోడర్ బతికే అవకాశం ఉంది. కొత్త డీకోడర్ అడ్రసు సాధారణంగా 3 ఉంటుంది, సీవీ-1 అనే సెట్టింగులో దాన్ని మార్చుకోవచ్చు.

ప్రశ్న: మా డీజిల్ ఇంజన్ నడుస్తుంటే చక్రం తిరిగిన ప్రతిసారీ ‘టక్’మని కుదుపు వస్తోంది. నూనె వేసినా తగ్గలేదు.
– ఒక పాఠకుడు, పెద్దపల్లి

జవాబు: ఇక నూనె వేయకండి. కుదుపు చక్రం చుట్టుకు ఒక్కసారే వస్తోందంటే ఇరుసు మీది ప్లాస్టిక్ గేరు నిలువునా పగిలి ఉంటుంది. పగులు దగ్గర పళ్ల మధ్య సందు పెరిగి, అది వర్మ్ కిందికి వచ్చినప్పుడల్లా ఎత్తేస్తుంది. బోగీ అడుగు మూత తీసి, ఒక్కో ఇరుసును భూతద్దం కింద తిప్పి చూస్తే వెంట్రుక లాంటి గీత కనిపిస్తుంది. జిగురుతో అతికిస్తే రెండు రోజుల్లో మళ్లీ విడిపోతుంది. గేరును మార్చడమే మార్గం. ఒకటి పగిలితే అదే ఇంజన్‌లోని మిగతావి కూడా పగిలే దశలోనే ఉంటాయి కాబట్టి అన్నిటినీ ఒకేసారి తెప్పించుకోండి. చక్రాలను తిరిగి ఎక్కించాక వాటి లోపలి ముఖాల మధ్య దూరం 14.4 నుంచి 14.5 మి.మీ. మధ్య ఉందో లేదో కాలిపర్‌తో చూడండి. అది తగ్గినా పెరిగినా ఇంజన్ పాయింట్ల దగ్గర పట్టాలు తప్పుతుంది.