సీ అనిమోన్‌కి మొలిచినట్టు నా వేలి కొస మొలుస్తుందా?

ప్రశ్న: నా వయసు 34. మూడు వారాల క్రితం తలుపు సందులో పడి ఉంగరపు వేలి కొస తెగిపోయింది, గోరు సగం మిగిలింది. సీ అనిమోన్‌ని (సముద్రంలో పువ్వులా కనిపించే జంతువు) రెండుగా కోసినా మళ్లీ పెరుగుతుందని వీడియోలో చూశాను. మనకి అలాంటి మందేమైనా ఉందా?

జవాబు: వీడియోలో చూసింది నిజమే. ల్యాబుల్లో పెంచే నెమటోస్టెల్లా అనే చిన్న అనిమోన్‌ని అడ్డంగా కోస్తే గాయం కొన్ని గంటల్లోనే మూసుకుంటుంది, ఆ తర్వాత కోసిన అంచు మీద చిన్న చిన్న మొగ్గలు లేచి, దాదాపు వారానికల్లా కొత్త నోరు, దాని చుట్టూ టెంటకిల్స్ (తిండి పట్టుకునే మీసాల్లాంటివి) తయారైపోతాయి. విచిత్రం ఏంటంటే, కింది ముక్కకి తినడానికి నోరే ఉండదు, ఒంట్లో ఉన్న సరుకుతోనే అదంతా కట్టుకుంటుంది! నోరు ఏ వైపు రావాలో చెప్పడానికి కణాలు ఒకదానికొకటి పంపుకునే సిగ్నల్స్‌లో ‘వింట్’ అనేది ముఖ్యమైనది.

ఆ వింట్ మనలోనూ ఉంది. కానీ మన ఒంటికి తొందరెక్కువ. రక్తం ఆగాలి, క్రిములు చొరబడకూడదు, అందుకని పోయిన భాగాన్ని మళ్లీ కట్టే బదులు కొల్లాజెన్ అనే పీచులాంటి ప్రోటీన్‌తో అతుకేసి మచ్చతో సరిపెట్టేస్తుంది. దీనికి ఒక చిన్న మినహాయింపు ఉంది, అదృష్టవశాత్తూ మీ దెబ్బ అక్కడే తగిలింది. గోరు మొదలు దెబ్బతినకపోతే పిల్లల్లో వేలి కొస చాలావరకు తిరిగి వస్తుంది. ఎలుకల్లో ఇలా పెరగడానికి గోటి మొదట్లో ఉండే, కొత్త కణాల్ని పుట్టించే మూలకణాలు (స్టెమ్ సెల్స్), అదే వింట్ సిగ్నల్ కావాలని 2013లో తేలింది. మీ వయసులో పోయిన ఎముక రాదు, కండ మాత్రం కొంత పూడుతుంది, స్పర్శ కూడా మెల్లగా మెరుగుపడుతుంది.

మందు అడిగారు కదా, వేలు మొలిపించే ఇంజెక్షన్ ఇప్పటికైతే లేదు, ‘స్టెమ్ సెల్స్’ పేరుతో ఎవరైనా అమ్మితే డబ్బు తగలేయకండి. గాయం ఇంకా పచ్చిగా ఉంటే డాక్టర్ చెప్పినట్టు తేమ నిలిచే డ్రెస్సింగ్ వాడండి, పొడులూ పసర్లూ వద్దు, పొక్కు గీకొద్దు. సిగరెట్ తాగుతుంటే మానండి, షుగర్ ఉంటే అదుపులో ఉంచుకోండి. చీము, జ్వరం, రాత్రిళ్లు నిద్రపట్టనంత సలుపు ఉన్నా, ఎముక కనిపిస్తున్నా వెంటనే సర్జన్‌కి చూపించాలి. టెటనస్ ఇంజెక్షన్ వేయించుకున్నారో లేదో మీరు రాయలేదు, వేయించుకోకపోతే ఈ రోజే డాక్టర్ని అడగండి. ఇక చల్లటి నీళ్లు తగిలితే జివ్వుమనడం కొన్ని నెలలు ఉంటుంది, దానికి టెన్షన్ పడొద్దు. గోరు కిందికి వంగి కొక్కెంలా పెరుగుతోందనిపిస్తే మాత్రం చెప్పండి, దాన్ని సరిచేసే ఆపరేషన్ ఉంది.