బుక్స్ సంగతి తర్వాత, ముందు మీ అక్క సంగతి చూద్దాం

ప్రొద్దుటూరు నుంచి ఒక తల్లి రాశారు: "మాది ఉమ్మడి కుటుంబం, బట్టల షాపు. మా బాబుకు ఆరేళ్లు, ఒకటో తరగతి. పక్కపిల్లల్ని తోస్తాడు, పెన్సిళ్లు లాక్కుంటాడు, లైన్లో నిలబడడు. మేడం ఒకట్రెండు సార్లు క్లాసు బయట నిలబెట్టింది కూడా. మా తోటికోడలు, అక్కా అనే పిలుస్తాను, ఆమె కొడుకుదీ అదే సెక్షన్, గోడ మీద చార్టులో వాడి పేరు పక్కన అన్నీ స్టార్లే. బళ్లో ఎట్లా ఉండాలో నేర్పే బొమ్మల పుస్తకాలు ఇంగ్లీషువి ఆన్‌లైన్‌లో తెప్పించి రోజూ రాత్రి చదివి వినిపిస్తున్నాను. పేజీ పేజీకీ ఆపి 'ఈ కోతి ఎవరు, నువ్వే కదా? అన్న ఎప్పుడైనా ఇట్లా చేస్తాడా?' అని అడుగుతాను. మొన్న ఒక పుస్తకం చించేశాడు. డిగ్రీ చదివినా పిల్లాణ్ని పెంచడం రాదని మా అక్క అందరి ముందూ అనేసింది. తను ఇంటర్‌తో ఆపేసినా షాపులో గల్లా దగ్గర కూర్చుంటుంది, నేను బీకాం చేసి వంటింట్లో ఉన్నాను. ఏ పుస్తకాలు కొంటే వీడు మారతాడు? ఇంగ్లీషువా, తెలుగువా?"

తెలుగువే కొనండమ్మా. ఇంగ్లీషులో చదివి, ఆగి, అర్థం చెప్పి, మళ్లీ చదివితే ఏ కథైనా చచ్చిపోతుంది. 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థ వాళ్లవి, నేషనల్ బుక్ ట్రస్ట్ వాళ్లవి తక్కువ ధరకే దొరుకుతాయి. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో ఐతే తెలుగు బొమ్మల కథలు ఫోన్‌లోనే ఉచితంగా చదువుకోవచ్చు. మీరడిగినదానికి జవాబు ఇంతే.

కానీ మీరు చదువుతున్న తీరులో చదివితే ఏ పుస్తకమూ పనిచేయదు. ఇలాంటి కథల్లో పిల్లాడి బదులు కోతినో ఎలుగుబంటినో పెట్టేది ఊరికే ముద్దుగా ఉంటుందని కాదు. తప్పు చేసింది కోతి కాబట్టి వాడు భయం లేకుండా నవ్వుకుంటాడు, "ఛీ, అట్లా తోయకూడదు" అని తనే తీర్పు చెప్తాడు, చివర్లో ఆ కోతి మళ్లీ అందరితో కలిసిపోతే లోపల్లోపల తనకూ ధైర్యం వస్తుంది. మీరేమో రెండో పేజీకే ఆ కోతి నువ్వేనని చెప్పి, పక్కన అన్నను నిలబెట్టి, పడుకునే వేళ పిల్లాడికి చార్జిషీటు చదువుతున్నారు. వాడి స్థానంలో నేనున్నా ఆ పుస్తకం చించేవాణ్ని. గొడవ జరిగిన రోజు ఆ కథ అసలు తీయొద్దు. చదివినప్పుడు ప్రశ్నలు వేయొద్దు, బొమ్మలు చూసి వాణ్ణే ఏదో ఒకటి చెప్పుకోనివ్వండి, నీతి లేని తిక్క కథైనా పర్వాలేదు.

ఇక అసలు విషయానికి వద్దాం. ఇంత పెద్ద ఉత్తరంలో పిల్లాడికి ఏమిష్టమో, ఎవరితో ఆడతాడో, ఎందుకు తోస్తాడో ఒక్క ముక్క లేదు. మీ ఆయన ఊసే లేదు. మీ అక్క చదువు, మీ అక్క కొడుకు స్టార్లు, మీ అక్క కూర్చునే గల్లా మాత్రం ఉన్నాయి. బీకాం చేసి వంటింట్లో ఉన్నానన్న వాక్యమే మీ అసలు ఉత్తరం. అందులో తప్పేం లేదు, లెక్కలు చదువుకున్న మనిషికి ఆ బాధ ఉండి తీరుతుంది. సర్దుకుపొమ్మని నేను చెప్పను, ఆ సలహా ఇవ్వడానికి మీ ఇంట్లోనే బోలెడుమంది ఉంటారు. కానీ షాపులో దక్కని గౌరవాన్ని ఒకటో తరగతి గోడ మీది చార్టులో గెలుచుకోవాలని చూస్తున్నారు, ఆ భారం ఆరేళ్లవాడి నెత్తిన పెట్టారు. వాడికి అది మాటల్లో తెలియదు, తను ఎంత చేసినా అమ్మ కళ్లు అన్న మీదే ఉంటాయని మాత్రం తెలుసు. బళ్లో అన్న కళ్ల ముందే తోస్తున్నాడేమో ఎప్పుడైనా అడిగారా?

పెద్దనాన్న కొడుకంటే వాడికి సొంత అన్నే. ఆస్తి పంపకాల నాటికి ఎటూ దాయాదులవుతారు, ఆ పని ఒకటో తరగతిలోనే మొదలుపెట్టడం ఎందుకు?

షాపు మాట మీ ఆయనతో ముందు మాట్లాడండి, ఆ తర్వాత అత్తామామల ముందు, బావగారి ముందు మీరే నోరు తెరవండి. అడుక్కున్నట్టు కాకుండా, జీఎస్టీ లెక్కలు నేను చూస్తాను, మధ్యాహ్నం పూట షాపుకు వస్తాను, ఆ పూట వంట ఎవరు చూడాలో అనుకుందాం అని సూటిగా చెప్పండి. దసరా బేరాలప్పుడు ప్రొద్దుటూరులో బట్టల షాపు వాళ్లకు అన్నం తినే తీరిక ఉండదు, లెక్కలొచ్చిన కోడల్ని పొయ్యి దగ్గర కూర్చోబెట్టుకోవడం వాళ్లకే నష్టం. మీ అక్క దగ్గర మాత్రం ఒక్కటే మాట: "నన్నేమన్నా అనాలంటే నాతో అనక్కా, పిల్లల పోలిక నలుగురిలో ఎత్తొద్దు." అనేసి ఊరుకోండి, ఆమె తిరిగి ఏమన్నా సాగదీయొద్దు. మీరూ పోలిక మానేయాలి, అది చెప్పక్కర్లేదనుకుంటా.

బడి సంగతి కూడా ఒకటుంది. బయట నిలబెట్టారన్న మాట మీరేదో మామూలుగా రాసేశారు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడంతో పాటు మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది, నలుగురిలో సిగ్గుపడేలా నిలబెట్టడం అందులోకే వస్తుంది. చట్టం పేరెత్తి మేడంతో పోట్లాడమనడం లేదు. వెళ్లి కూర్చుని, తోయడం ఏ టైములో జరుగుతోంది, అన్నంబెల్లు ముందా, లైన్లోనా, ఎవరు పక్కనున్నప్పుడా అని అడగండి, ఇద్దర్నీ వేరే సెక్షన్లలో వేయడం కుదురుతుందేమో కనుక్కోండి. మీ ఆయన్ను వెంటబెట్టుకుని వెళ్లండి, అక్కను కాదు.

షాపు విషయం మాట్లాడాక ఇంట్లో ఏమన్నారో రాయండి, పుస్తకాల లిస్టు అప్పుడు పంపిస్తాను.