బాక్సర్ గడ్డం మీద గుల్లలు: గిల్లొద్దు, ఒత్తొద్దు

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది గుంటూరు బ్రాడీపేట. మా బాక్సర్ పిల్ల సింబాకి 7 నెలలు. నెల రోజులుగా గడ్డం మీద, కింది పెదవి పక్కన ఎర్రటి గుల్లలు లేస్తున్నాయి. కొన్నిట్లో చీముంది, రెండు పగిలి రక్తం వచ్చింది. మామిడి తొక్కలు తిని వేడి చేసిందని మా అత్తయ్య గారంటారు. రోజూ వేడినీళ్ల గుడ్డతో ఒత్తి చీము తీస్తున్నారు. ఇంటర్ చదివే మా అమ్మాయి తన మొటిమల క్రీము రాసింది, తగ్గలేదు. మెడికల్ షాపులో అడిగి తెచ్చిన ఇంకో ట్యూబు రాస్తే నాలుగు రోజులు ఎరుపు తగ్గి, మళ్లీ రెట్టింపయింది. మా వారిది మిర్చి వ్యాపారం. సింబా మిర్చి నింపే పాత టిక్కీ గోనె మీద పడుకుంటుంది. ఇవి మొటిమలేనా? మా అమ్మాయి దాన్ని పట్టుకునే పడుకుంటుంది, అంటుకుంటాయా? చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అమ్మా, ముందు ఆ ఒత్తడం ఈ రోజే ఆపించండి.

మొటిమలని అంటాం గానీ, మీ అమ్మాయికి వచ్చేవి వేరు, ఇవి వేరు. బాక్సర్, డాబర్‌మాన్, రాట్‌వీలర్, గ్రేట్ డేన్ లాంటి కుక్కలకి గడ్డం మీద వెంట్రుకలు పొట్టిగా, బిరుసుగా ఉంటాయి. గడ్డాన్ని దేనికైనా రాసుకున్నప్పుడు అవి చర్మం లోపలే విరుగుతాయి. విరిగిన ముక్క కుదురును చీల్చుకుని లోపలికి గుచ్చుకుంటుంది. కాల్లో తుమ్మముల్లు విరిగితే చుట్టూ వాచి చీము పట్టదూ, అచ్చం అలాగే. ఆ వాపులో బ్యాక్టీరియా చేరుతుంది. అత్తయ్య గారు ప్రేమతోనే చేస్తున్నారు, కానీ ఒత్తిన ప్రతిసారీ ఆ ముక్క ఇంకా లోతుకి దిగుతుంది.

ఇవి ఎక్కువగా 5–8 నెలల వయసులో మొదలై, ఏడాది దాటాక చాలా కుక్కల్లో సర్దుకుంటాయి. కొన్నిటికి మాత్రం పెద్దయ్యాక కూడా వస్తూనే ఉంటాయి.

మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట టిక్కీ గోనె. గరుకు గోనె, దాని నిండా మిర్చి దుమ్ము. గడ్డం ఆనించి పడుకునే కుక్కకి అంతకంటే చెడ్డ పక్క ఉండదు. తీసేసి, ఉతికిన పాత నూలు చీర నాలుగు మడతలు వేసి పరవండి. ప్లాస్టిక్ గిన్నె వాడుతుంటే స్టీలుది పెట్టండి. పెరుగన్నం తిన్నాక మెతుకులు పెదవి మడతల్లో ఉండిపోతాయి. తడిగుడ్డతో రుద్దకుండా అద్ది, పొడిగా తుడవండి.

ఇక ఆ ట్యూబు. నాలుగు రోజులు తగ్గి మళ్లీ పెరిగిందంటే అందులో స్టెరాయిడ్ ఉందని నా అనుమానం. అట్ట మీద క్లోబెటసాల్, బెక్లోమెథసోన్ అని ఉందేమో చూడండి. వాపు తగ్గడానికి డాక్టరే కొద్దిరోజులు స్టెరాయిడ్ ఇవ్వడం వేరు, రోగం తెలియకుండా రాయడం వేరు. డెమోడెక్స్ అనే గజ్జి, తామర కూడా గడ్డం మీద ఇలాగే కనిపిస్తాయి. స్టెరాయిడ్‌తో ఆ రెండూ ముదురుతాయి.

ఈ మాట అనుభవంతో చెబుతున్నాను. చాలా ఏళ్ల కిందట పటమట నుంచి ఒక డాబర్‌మాన్ పిల్లని తెచ్చారు. మొటిమలే అనుకుని చర్మం గీకి చూడకుండానే మందు రాశాను. మూడు వారాలకి కళ్ల చుట్టూ వెంట్రుకలు రాలిపోయి మళ్లీ వచ్చింది. స్లైడు మీద చూస్తే నిండా డెమోడెక్స్ పురుగులు. అది కోలుకుంది గానీ, ఆ మూడు వారాలు పడిన బాధ నా వల్లే. అప్పటి నుంచి గీకి చూడకుండా ఏ గడ్డానికీ మందు రాయలేదు.

కాబట్టి సింబాని పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లి ఆ పరీక్ష అడిగి చేయించండి. అక్కడ కుదరకపోతే గన్నవరం ఎన్టీఆర్ పశువైద్య కళాశాలకి తీసుకెళ్లండి. మొటిమలేనని తేలితే, పైపై గుల్లలకి క్లోర్‌హెక్సిడిన్‌తో తుడవడం, కుక్కలకి వాడే 2.5 శాతం బెంజాయిల్ పెరాక్సైడ్ జెల్, ముపిరోసిన్ ఆయింట్‌మెంట్ లాంటివి రాస్తారు. మీ అమ్మాయి క్రీములోనూ బెంజాయిల్ పెరాక్సైడే ఉండొచ్చు, కానీ మనుషులవి 10 శాతం దాకా వస్తాయి, కుక్క చర్మం మండిపోతుంది. పైగా నాకి మింగేస్తుంది. సింబాకి రక్తం కూడా వచ్చిందన్నారు, అంటే లోతుకి వెళ్లినట్టుంది. యాంటీబయాటిక్ మాత్రలు 4–6 వారాలు పడొచ్చు. పైకి తగ్గినట్టు కనిపించిందని పది రోజులకే ఆపకండి, తిరగబెడుతుంది.

మొటిమలైతే మీ అమ్మాయికి అంటుకోవు. తామరైతే అంటుకుంటుంది. పరీక్ష అయ్యేదాకా సింబాని మంచం ఎక్కనివ్వకండి. అమ్మాయి చేతుల మీద, మెడ మీద గుండ్రటి దురద మచ్చలుంటే ఆ సంగతి డాక్టర్‌కి తప్పక చెప్పండి.

మామిడి తొక్కలతో ఈ గుల్లలు రావని అత్తయ్య గారికి చెప్పండి. టెంక మాత్రం సింబా నోటికి అందకూడదు. మింగితే పేగులో ఇరుక్కుని ఆపరేషన్ దాకా వెళ్తుంది.